పరామర్శ పళ్ళు

మా అత్తగారిని చూడడానికి వచ్చినవాళ్ళెవరూ ఖాళీ చేతులతో రాలేదు.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో తెలుగువాళ్ళవి పాత కుటుంబాలు. తాతల కాలంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి బండెక్కి వచ్చి ఇక్కడ దిగినవి. ఇప్పటి పిల్లలకి తెలుగు చదవడం రాదు, మాట సగంలో హిందీలోకి దొర్లిపోతుంది. కానీ రోగిని చూడబోతూ పండో ఫలమో పట్టుకెళ్ళాలన్న మర్యాద మాత్రం ఎవరూ మరిచిపోలేదు. ఏప్రిల్లో అత్తయ్య మంచం దిగలేకపోతోందని తెలిసింది మొదలు మా క్వార్టర్ వరండా పళ్ళ దుకాణంలా తయారైంది. అరటిపళ్ళు, బత్తాయిలు, సపోటాలు, కొబ్బరిబోండాలు. ఎండలు ముదిరాక మామిడిపళ్ళు. సంచీ నా చేతికిచ్చి, "కనకానికి ఎట్టమ్మా, ఒంట్లో సత్తువొస్తాది" అని చెప్పి లోపలికి వెళ్ళి మంచం పక్కన కూర్చునేవారు.

ఆ సంచుల్లో ఉన్నవన్నీ అత్తయ్య తినకూడనివే. ఆవిడ కిడ్నీలు రెండూ పనిచెయ్యడం మానేశాయి. వారానికి మూడుసార్లు ఆస్పత్రికి తీసుకెళ్ళి డయాలసిస్ చేయించాలి. పళ్ళలో ఉండే పొటాషియం మన ఒంట్లోంచయితే దానంతటది బయటికి పోతుంది. ఆవిడ ఒంట్లో పేరుకుపోయి గుండె మీదికి వస్తుంది. ఈ సంగతి వచ్చినవాళ్ళకి చెబుదామని మొదట్లో ఒకసారి నోరు తెరిచాను. అత్తయ్య కళ్ళతోనే ఆపేసింది. వాళ్ళు వెళ్ళాక అంది: "పేమతో తెచ్చినోల్లకి ఇసం తెచ్చినారని సెప్తావేటే? నోరు మూసుకుని పుచ్చుకో."

పుచ్చుకున్నాను.

నాకు అప్పటికి పెళ్ళై నెల దాటలేదు. కొత్త పెళ్ళికూతురికి మతి కాస్త తేలిగ్గా ఉంటుందేమో, నాకా ఇంట్లో ప్రతిదీ బాగుండేది. కూలర్‌లో తడిసిన గడ్డి వాసన బాగుండేది. గాలి ఇటు తిరిగినప్పుడు స్టేషన్ వైపు నుంచి ఛత్తీస్‌గఢీలో వినిపించే అనౌన్స్‌మెంటు బాగుండేది. మా ఆయన వేణుగోపాల్ లోకో షెడ్‌లో డ్యూటీ దిగి ఇంటికొస్తే చెవి వెనక ఎప్పుడూ కాస్త గ్రీజు మిగిలి ఉండేది. అది తుడవడం కోసమే సాయంత్రాలు ఎదురుచూసేదాన్ని. గదిలో ఉన్నంతసేపూ 'నువ్వు', గది దాటగానే 'మీరు'. ఒకసారి మావయ్య ముందే "నువ్వు తిన్నావా?" అనేసి నాలుక కరుచుకున్నాను. అత్తయ్య మంచం మీంచి, "మీరనడానికి ఆడేమన్నా కలెక్టరేటి? నువ్వనే అను" అని నా పక్షం తీసుకుంది.

మావయ్య గోవిందరావు గారు గూడ్సు బండి గార్డు. ఇప్పుడా ఉద్యోగానికి ట్రైన్ మేనేజర్ అని గొప్ప పేరు పెట్టారు. అత్తయ్య మాత్రం ఎవరడిగినా "మా ఆయన బండికి తోక" అనేది. ఆయన నవ్వేవాడు. ఆవిడ ఏమన్నా నవ్వేవాడు.

నేను విశాఖలో హోమ్ సైన్స్ చదివాను. పళ్ళు కళ్ళముందు కుళ్ళిపోతుంటే చూడలేను. మగ్గిన అరటిపళ్ళు చక్రాలుగా తరిగి డీప్‌ఫ్రిజ్‌లో గడ్డకట్టించి మిక్సీలో వేస్తే ఐస్‌క్రీమ్‌లాగే నున్నగా వస్తుంది. పాలు, పంచదార, రంగు ఏమీ అక్కర్లేదు. ఒకరోజు అందులో సపోటా కలిపాను, ఒకరోజు మామిడిపండు. బత్తాయి రసం కుల్ఫీ గొట్టాల్లో పోసి పుల్లలు గుచ్చాను. పరామర్శకు వచ్చినవాళ్ళకి వాళ్ళు తెచ్చిన పళ్ళే చల్లటి గిన్నెల్లో తిరిగి చేతికొచ్చేవి. వారం తిరిగేసరికి మా ఇంటికి వచ్చేవాళ్ళ సంఖ్య పెరిగింది. వాళ్ళలో ఎవరు అత్తయ్య కోసం వస్తున్నారో, ఎవరు గిన్నె కోసం వస్తున్నారో తెలియకుండా పోయింది.

పక్క క్వార్టర్ అప్పలనర్సమ్మ పిన్ని రెండింటి కోసమూ వచ్చేది. ఆవిడకి షుగర్.

"ఇందులో పంచదార ఎయ్యలేదు కదే?" అంది మొదటిసారి, గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుని.

"వెయ్యలేదు పిన్నీ."

"పాలు?"

"లేవు."

"అయితే మందుతో సమానం. ఇంకొంచెం ఎయ్యి."

"సమానం కాదు పిన్నీ. పండులోనే చక్కెర ఉంటుంది, మిక్సీలో వేస్తే అదేం పోదు. బజారు ఐస్‌క్రీమ్ కంటే నయం, అంతే. పండుని పండులా కొరుక్కు తింటే ఇంకా నయం. మీకు రెండు చెంచాలే."

"అచ్ఛా! సదూకున్న కోడల్ని తెచ్చుకుంటే ఇదే బాద. ఎట్టిన సేత్తోనే లాక్కుంటాది."

మావయ్య డ్యూటీ పెట్టె సర్దుకుంటూ తన మాట కూడా చెప్పాడు. "అసలు ఐసు వేడి చేస్తాది. మామిడిపండు మరీ వేడి. రెండు వేడులూ కలిపి తింటే ఏటవుతాదో మీకే తెలాల."

"రెండు వేడులు కలిస్తే సల్లబడిపోతాది," అంది అత్తయ్య లోపల్నుంచి. "నువ్వు బేగెల్లు. తోక లేకండా బండెలాగెల్తాది?"

వరండా అంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వులు ఆగాక గిన్నెల్లో చెంచాల చప్పుడు మాత్రం మిగిలింది. ఆ చప్పుడు లోపల మంచం దాకా వినిపిస్తుందని నాకు అప్పుడు తట్టింది.

ఆవిడకి ఆకలి లేదు. ఉన్నదల్లా దాహం. రోజు మొత్తానికి ఒక చిన్న సీసాడు నీళ్ళు. మాత్రలు మింగే నీళ్ళూ, టీలో పోసిన నీళ్ళూ అందులోంచే. తాగిన నీరు ఒంట్లోంచి పోయే దారి లేదు, ఊపిరితిత్తుల్లో చేరుతుంది. బిలాస్‌పూర్ మే నెలలో నీడలో నిలబడినా మాడు కాలుతుంది. ఆ ఎండలో ఆవిడ నాలుక అంగిట్లో అతుక్కుపోయి మాట పెగిలేది కాదు. కిటికీలోంచి చూస్తూ, "కాకి సూడే, మన కూలర్ నీల్లు ఎంత దర్జాగా తాగుతందో" అనేది. దాంట్లో ఫిర్యాదు ఉండేది కాదు. ఎవరో మంచి చీర కట్టుకుంటే చూసి మెచ్చుకున్నట్టుండేది.

వానలు పడేదాకా జాగ్రత్తగా లాగమన్నారు డాక్టరు. చల్లబడితే దాహం తగ్గుతుంది, ఒళ్ళు కాస్త కుదుటపడుతుంది, అప్పుడు డయాలసిస్ సూదులు గుచ్చడానికి రెండో చేతిలో కొత్త దారి చేస్తామన్నారు. వానలు. ఇంట్లో అందరం ఆ మాట పట్టుకుని వేలాడుతున్నాం.

పొటాషియం తక్కువున్న పళ్ళలో ద్రాక్ష ఒకటి. కొద్దిగా అయితే పెట్టొచ్చా అని ఆస్పత్రిలో అడిగాను, పెట్టొచ్చన్నారు. బుధవారీ బజార్లో చివరి ద్రాక్షలు ఏరుకొచ్చి, కడిగి, తుడిచి, గడ్డకట్టించాను. మర్నాడు మధ్యాహ్నం ఒక పండు తీసి ఆవిడ నోట్లో పెట్టాను.

"నమలకండి అత్తయ్యా. చప్పరించండి."

బుగ్గన పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. ఎంతసేపటికీ తెరవకపోతే నాకు భయమేసింది. అప్పుడు బుగ్గ మీద చెయ్యి ఆనించుకుని, "ఓలమ్మా, నోట్లో వానొచ్చినట్టుందే" అంది.

నేను వంటింట్లోకి పరిగెత్తి వేణుకి ఫోన్ చేశాను. అవతల ఇంజన్ల మోత.

"క్యా హువా? అమ్మకేమైంది?"

"ఏమీ కాలేదు. అత్తయ్యకి ద్రాక్షపండు నచ్చింది!"

"దీనికా ఫోనూ? నా గుండె ఆగిపోయింది తెలుసా?" అని అరిచాడు. వెంటనే గొంతు తగ్గించి, "నిజంగా నచ్చిందా?" అన్నాడు.

అలా పూటకి అయిదు పళ్ళయ్యాయి. అయిదో పండు బుగ్గన ఉండగానే బేరం మొదలయ్యేది.

"ఇంకోటి."

"లేదు."

"సగం."

"ద్రాక్షలో సగమేమిటత్తయ్యా?"

"నువ్వు రాచ్చసివే. నీకంటే మా అత్త నయం. ముద్ద లెక్కెట్టేది గానీ ద్రాచ్చపండు లెక్కెట్టలేదు."

"మీ అత్తగారికి ఫ్రిజ్ లేదు కాబట్టి."

ఆవిడ నవ్వితే మంచం కదిలేది. నవ్వితే ఆయాసం వచ్చేది. ఆయాసం తీరాక మళ్ళీ, "సగం" అనేది. ఆ బేరం కోసమే ఆవిడ మధ్యాహ్నం దాకా ఎదురుచూస్తుందని నాకు తెలుసు. నేను కూడా అంతే. అమ్మకి ఫోన్ చేసినప్పుడు ఈ కబుర్లే. అనకాపల్లిలో మా అమ్మ, "నువ్వు కాపరానికెళ్ళావా, పళ్ళ కొట్టు పెట్టావా?" అనేది.

వానలు పడ్డాయి. జూన్ సగం దాటాక ఒక సాయంత్రం ఉరుములతో మొదలై రాత్రంతా కురిసింది. పొద్దున్నే అత్తయ్యని డయాలసిస్‌కి తీసుకెళుతూ, ఆటోలో మేమిద్దరం, వెనకే బైక్ మీద వేణు, అందరం పండక్కి వెళుతున్నట్టు ఉన్నాం. ఆవిడ చెయ్యి బయటికి చాపి చినుకులు పట్టింది. తడిచేతిని నాలుకకి రాసుకోబోయి, నా వంక చూసి, చీరకి తుడిచేసుకుంది.

మెషీన్ పెట్టిన కాసేపటికే బీపీ పడిపోయింది. తీసేశారు. మళ్ళీ పెట్టారు, మళ్ళీ పడిపోయింది. వేణు లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు. మావయ్య డ్యూటీలో ఉన్నాడు, ఇక్కడికి దగ్గర్లోని కోటా ఊరు దాటి ఎక్కడో ఆయన గూడ్సు బండి ఆగిందట. నేను వరండాలో కూర్చుని అత్తయ్య చెప్పులు ఒళ్ళో పెట్టుకుని ఉన్నాను. చివరికి డాక్టరూ, వేణూ కలిసి బయటికి వచ్చారు. ఈ పూట ఇక్కడే ఉంచుకుని రేపు ఇంటికి పంపిస్తాం అన్నారు డాక్టరు. నేను అలవాటుకొద్దీ లేచి, తిండి విషయం ఏమైనా మార్చాలా అని అడిగాను.

"అబ్ కోయీ పర్‌హేజ్ నహీ బేటా," అన్నారాయన. ఇంక పథ్యం ఏమీ లేదు. "జో మన్ కరే, ఖిలాయియే."

"ఏది అడిగితే అదా సార్? మామిడిపండు కూడా పెట్టొచ్చా?"

ఆయన నా మెడలో కొత్త పసుపుతాడు వంక చూశారు. "ఆమ్ భీ," అన్నారు.

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. బైక్ వెనక కూర్చుని దారి పొడుగునా వేణు హెల్మెట్‌లోకి మాట్లాడుతూనే ఉన్నాను. వానలు పడితే కుదుటపడుతుందని వాళ్ళు చెప్పలేదూ? మామిడిపండు ఐస్ చేస్తాను, అరటిపండు కలపకుండా, ఒట్టి మామిడిపండుతో. పిన్నికి ఒక్క చెంచా కూడా పెట్టను, అంతా అత్తయ్యకే. బుధవారీ బజార్ దగ్గర ఆపు. అతను ఆపాడు.

బుట్ట ముందు గొంతుక్కూర్చుని ఒక్కొక్క పండూ వాసన చూసి ఏరుతున్నాను.

"భానూ, రెండు చాలు," అన్నాడు వేణు.

"రెండేం సరిపోతాయి? రేపటికి కూడా కావాలిగా."

అతను నా పక్కన కూర్చున్నాడు. హెల్మెట్ ఇంకా తియ్యలేదు. "అమ్మకి ఇక మెషీన్ పెట్టరట. గుండె తట్టుకోవట్లేదట. ఇంట్లోనే ఉంచుకోమన్నారు."

మామిడిపండు నా ముక్కు దగ్గరే ఉంది. మంచి వాసన. పళ్ళు అమ్మే ఆవిడ తక్కెడ పైకెత్తి, "తౌల్ దూఁ?" అని అడిగింది. తూచమన్నాను.

మర్నాడు ఇంటికి తెచ్చాక, పెద్ద గిన్నె నిండా మామిడిపండు ఐస్ తీసుకెళ్ళాను. ఏడవకుండా ఉండడం అద్దం ముందు నిలబడి నేర్చుకుని మరీ వెళ్ళాను. అత్తయ్య గిన్నె వంక చూసింది.

"ఇదేటి?"

"మామిడిపండు, అత్తయ్యా."

"ఎవులికి?"

"మీకే. డాక్టరుగారు తినొచ్చన్నారు. రిపోర్టులు బాగున్నాయట."

ఆవిడ నన్ను చూడలేదు. గుమ్మంలో నిలబడ్డ మావయ్యని చూసింది. ఆయన యూనిఫాం అయినా విప్పకుండా, చేతిలో ఎర్రజెండా పచ్చజెండా చుట్ట పట్టుకుని, నేల వంక చూస్తున్నాడు. అత్తయ్య చెంచా తీసుకుని కొసన కొంచెం నోట్లో పెట్టుకుంది. మన బంగినపల్లి కాదు, ఇక్కడ దొరికే దశేరీ రకం. అయినా చాలా తియ్యగా ఉంది, నేను రుచి చూసే తెచ్చాను. నోట్లో కరిగేదాకా ఉంచుకుంది. తరవాత గిన్నె నా వైపు తోసేసింది.

"బాగుంది. నర్సమ్మకియ్యి."

"అత్తయ్యా, తినొచ్చన్నారు..."

"నా ద్రాచ్చపల్లు ఏవే?"

నేను గిన్నె మళ్ళీ ఆవిడ దగ్గరికి జరిపాను.

"నీకే సెప్తన్నది. నా అయిదూ తే. లెక్కగా తే."

తెచ్చాను. ఒక్కొక్కటే పెట్టాను. అయిదోది అయ్యాక ఆవిడ నా మొహం వంక చూస్తూ, "ఇంకోటి" అంది.

ఫ్రిజ్‌లో సంచీడు ఉన్నాయి. ఆవిడ అడిగితే నేను అన్నీ పెట్టేదాన్నే. కానీ ఆ చూపు అడుగుతున్నది ద్రాక్షపండుని కాదు.

"లేదు," అన్నాను.

"సగం."

"లేదన్నానా?"

"రాచ్చసి," అంది తృప్తిగా. కళ్ళు మూసుకుంది. నేను గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి, కుళాయి పెద్దగా తిప్పి, దాని కింద చేతులు పెట్టుకుని నిలబడ్డాను.

ఆ వారమే ఆషాఢం పట్టబోతోంది. పెళ్ళైన మొదటి ఆషాఢం అత్తాకోడళ్ళు ఒకే గడప దాటకూడదు. నాన్న వచ్చి తీసుకెళతారని అమ్మ ఎప్పుడో చెప్పింది. ఇప్పుడు ఎలా వెళ్ళను? ఆ మాట ఎవరూ ఎత్తడం లేదు. చివరికి నర్సమ్మ పిన్ని ఎత్తింది. కాలనీలో ఏ ఇంట్లో ఏ నియమం తప్పినా ముందు గొడవ చేసేది ఆవిడే. ఆవిడే వచ్చి, అత్తయ్య కాళ్ళ దగ్గర కూర్చుని, "ఆషాడం లేదు, ఏటీ లేదు, పిల్లనుండనీ కనకం. ఈ రోజుల్లో ఎవులు సూస్తన్నారు?" అంది.

అత్తయ్య మోచేతుల మీద లేవబోయింది. లేవలేకపోయింది. పడుకునే అరిచింది.

"ఏమే నర్సమ్మా, నేనప్పుడే పోయాననుకున్నావేటే? నీ కోడలొచ్చిన యేడు గడప కాడ కాపలా కూకున్నావు. నా కాడికొచ్చేసరికి ఏటీ లేదా? డాట్రు తినీమంటాడు. ఈలేమో తాగీమంటారు. నువ్వొచ్చి ఆషాడం వొద్దంటన్నావు. అందరూ కలిసి నన్నొదిలేస్తన్నారేటి?"

కూలర్ ఆపేసి ఉంది. బయట చూరు నీళ్ళు పడుతున్న చప్పుడు.

"నియమం నియమమే," అంది అత్తయ్య, ఆయాసం ఆపుకుని. "పిల్ల గడప దాటి ఎల్లాల. స్రావణంలో మల్లీ రావాల."

నేను ఏడ్చాను. అప్పుడింక ఆపుకోలేకపోయాను. నర్సమ్మ పిన్ని కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"సరే. గడప దాటి ఎల్తాది. అనకాపల్లే ఎల్లాలని ఎక్కడుంది? మా ఇంటికొస్తాది. నాది వేరే గడప."

"మరి నన్నెవులు సూస్తారు?"

"నీ కిటికీ మా సందులోకి కదా ఉంది. కిటికీకి గడపుండదు."

అత్తయ్య ఆ మాటని అటూ ఇటూ తిప్పి చూసింది. ఎక్కడా తప్పు దొరకలేదు. "అయితే సరే," అంది.

ఆషాఢం పట్టే ముందురోజు పసుపు కుంకుమ పెట్టించి మరీ నన్ను పంపించింది. పెట్టె పట్టుకుని వరండా దిగి, పదడుగులు కూడా నడవకుండా పక్క వరండా ఎక్కాను. నాతోపాటే ద్రాక్షపళ్ళ సంచీ కూడా పిన్ని ఫ్రిజ్‌లోకి మారింది.

ఆ రోజుల్లో కూడా నాకు సంతోషాలు ఉన్నాయి. చెబితే ఎవరైనా ఏమనుకుంటారో. వేణు డ్యూటీ దిగి పిన్ని వరండాలోకి టీకి వచ్చేవాడు. కొత్త దంపతులు కూడా ఆషాఢంలో దూరంగా ఉండాలి కాబట్టి పిన్ని మా ఇద్దరి మధ్యా కుర్చీ వేసుకుని కూర్చునేది. "మాటాడుకోండి, నాకు సెవుడు," అనేది. చెవి వెనక గ్రీజు నాకు కనిపిస్తూనే ఉండేది, చెయ్యి అందేది కాదు. అతని కళ్ళు రోజురోజుకీ లోపలికి పోతున్నాయి. ఒకసారి పిన్ని కావాలనే లోపలికి వెళ్ళి చాలాసేపు గిన్నెలు తోమింది. ఆ చప్పుడు ఆగేదాకా వేణు నా భుజం మీద తల పెట్టుకుని ఉన్నాడు.

మధ్యాహ్నం అత్తయ్య మేలుకునే వేళకి గొడుగు వేసుకుని సందులో కిటికీ కింద నిలబడేదాన్ని. మంచాన్ని కిటికీకి ఆనించి వేశారు. ఊచల్లోంచి చెయ్యి దూర్చితే ఆవిడ నోటికి అందేది. ద్రాక్షలు అయిపోయాక నేరేడుపళ్ళు దొరికాయి. పల్లెటూళ్ళ నుంచి ఆడవాళ్ళు గంపల్లో తెచ్చి అమ్ముతారు. గింజలు తీసి, గడ్డకట్టించి, ముక్కలుగా పెట్టేదాన్ని. ఆవిడ నాలుక ఊదారంగుకి తిరిగేది. బయటికి చాపి చూపించేది. నేను కూడా నా నాలుక చాపి చూపించేదాన్ని. సందులో వెళ్ళేవాళ్ళెవరైనా చూస్తే అత్తాకోడళ్ళు వెక్కిరించుకుంటున్నారనుకునేవారు.

మొహం ఉబ్బింది. కాళ్ళు ఉబ్బాయి. మాటకీ మాటకీ మధ్య దూరం పెరిగింది. బేరం మాత్రం మానలేదు.

"ఇంకోటి."

"లేదత్తయ్యా."

"వానలో తడుస్తన్నావు. జాలిపడి అడుగుతన్నాను. ఒకటెట్టేసి పోవే."

"గొడుగుంది నాకు."

"స్రావణం రానీ. నువ్విటొచ్చాక ఫ్రిజ్ తాలం నా కాడుంటాది. అప్పుడు సూద్దాం ఎవులెవుల్నడుగుతారో."

"చూద్దాం."

"వరలచ్చిం వ్రతానికి మీ అమ్మని రమ్మను. ఈ లెక్కలు నీకెవులు నేర్పారో అడగాల."

"రమ్మంటాను."

ఆవిడ ఊచలు పట్టుకున్న నా వేళ్ళ మీద తన వేళ్ళు వేసింది. చల్లగా ఉన్నాయి. నేరేడుపండు చల్లదనం కాదది. అలా ఉంచి నిద్రపోయింది. వాన వెలిసేదాకా నేను వేళ్ళు తియ్యలేదు.

ఆ మర్నాడు పొద్దున్న పిన్ని వంటింట్లో నేరేడుపళ్ళు కడుగుతున్నాను. పిన్ని తెల్లవారకుండానే మా ఇంటికి వెళ్ళింది. కాలనీలో ఎవరింటి ముందో ఆటో ఆగిన చప్పుడు, చెప్పుల చప్పుళ్ళు. నేను పళ్ళు ఒక్కొక్కటీ నెమ్మదిగా కడిగాను. గింజ తీసినవి పళ్ళెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచాను, అతుక్కుపోతాయని.

పిన్ని వచ్చి తన గుమ్మంలోనే నిలబడిపోయింది. గొడుగు వెయ్యలేదు. చీర ఒంటికి అంటుకుపోయి ఉంది.

"భానూ," అంది. "ఇంక నువ్వు మీ ఇంట్లోకి రావొచ్చమ్మా."

నేను పళ్ళెం ఫ్రిజ్‌లో పెట్టి తలుపు వేశాను. చేతులు తుడుచుకున్నాను. వరండా దిగాను. మా క్వార్టర్ తలుపులు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. వేణు అరుగు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. అప్పటికే నలుగురైదుగురు చేరారు. మొదటిసారి ఎవరి చేతుల్లోనూ సంచులు లేవు. నన్ను చూసి దారి ఇచ్చారు.

నేను మెట్ల దగ్గర ఆగాను. పక్కకి తిరిగి, సందులోంచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

మావయ్య మంచం పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. అలికిడికి తలెత్తాడు. ఊచల అవతల నన్ను చూశాడు.

"అక్కడెందుకమ్మా, తడిసిపోతన్నావు. లోపలికి రా తల్లీ."

"ఆషాఢం ఇంకా అవలేదు మావయ్యా," అన్నాను.